రాచెస్టర్ నగరము – దాని పెద్దలు, దాని సంఘములు: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

ఒంగోలు మిషను చరిత్ర చదివినవారికి డాక్టర్ జాన్ ఇ. క్లౌ దొరగారిని కొత్తగా పరిచయము చేయనక్కరలేదు. అయితే 1910 నవంబరు 24న ఆయన కన్నుమూసినది ఒంగోలులో కాదు, అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రములోని రాచెస్టర్ నగరములో. ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ అమ్మగారు ఆ నగరములోని వేదాంత కళాశాల ఆచార్యుని కుమార్తె. ఆమె తమ్ముడే 'సాంఘిక సువార్త' ప్రబోధకునిగా లోకమంతా ఎరిగిన వాల్టర్ రౌషెన్‌బుష్.

నేను బి.డి. చదివే రోజులలో ఈ రెండు పేర్లు వేర్వేరు తరగతులలో వచ్చాయి. రౌషెన్‌బుష్ పాశ్చాత్య వేదాంత పాఠములో, క్లౌగారు మిషను చరిత్ర పాఠములో. ఇద్దరూ బావా బావమరుదులని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎన్నో ఏండ్ల తరువాత ఆ సంగతి తెలిసినప్పుడు, ఈ ఇద్దరినీ కలిపిన ఆ ఊరు ఎటువంటిదో తెలుసుకోవాలనిపించింది. ఆ వెదుకులాటే ఈ వ్యాసము.

రాచెస్టర్ పెద్ద మహానగరము కాదు. 2020 జనాభా లెక్కల ప్రకారము నగర జనాభా 2,11,328. కాని ఉజ్జీవము, బానిసత్వ నిర్మూలన, స్త్రీల ఓటుహక్కు, సాంఘిక సువార్త, నల్లజాతివారి ఉద్యోగ పోరాటము, ఇవన్నీ ఈ ఒక్క ఊరి వీధులలో నడిచాయి. వీటన్నిటిలో సంఘములకు పాత్ర ఉన్నది. కొన్నిసార్లు నడిపించేవిగా, కొన్నిసార్లు అడ్డుపడేవిగా, ఎక్కువసార్లు మౌనముగా చూసేవిగా. సంఘములు ఇంత బలముగా ఉన్న నగరములో బీదవారి స్థితి ఎంతవరకు మారింది, మారినచోట దేనివలన మారింది అనేవి ఈ వ్యాసము వేసుకొనే ప్రశ్నలు.

1. కాలువ పెంచిన పట్టణము

నథానియేల్ రాచెస్టర్ అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు సైనికాధికారి, మేరీల్యాండ్ రాష్ట్రములో వ్యాపారి. 1803లో ఆయన చార్లెస్ క్యారల్, విలియమ్ ఫిట్జ్‌హ్యూ అనే ఇద్దరు మిత్రులతో కలిసి జెనెసీ నది జలపాతముల వద్ద 100 ఎకరముల భూమి కొన్నారు. 1811లో దానిని ఇండ్ల స్థలములుగా కొలిపించారు. 1817లో అది గ్రామముగా నమోదయింది, 1834లో నగరమయింది. స్థాపకునికి దక్షిణాదిలో బానిసలు ఉండేవారనీ, ఉత్తరాదికి వచ్చినప్పుడు వారిని విడుదల చేశారనీ చరిత్ర చెబుతున్నది. ఈ నగర చరిత్రలో జాతి ప్రశ్న మొదటి పుటలోనే ఉన్నదని గమనించాలి.

ఊరు పెరగడానికి రెండు కారణములు. ఒకటి జలపాతపు శక్తి, దానితో గోధుమపిండి మిల్లులు తిరిగాయి. రెండవది ఎరీ కాలువ. 363 మైళ్ల ఈ కాలువ 1825లో పూర్తయింది. 1823 నాటికే రాచెస్టర్ వద్ద నది మీదుగా కాలువను దాటించే రాతి వారధి సిద్ధమయింది. పడమటి పొలముల గోధుమ ఇక్కడ పిండియై, పడవలలో న్యూయార్క్ రేవుకు పోయేది. అందువలన దీనికి 'పిండి నగరము' అని పేరు వచ్చింది. తరువాతి కాలములో గోధుమ సాగు పడమరకు జరిగిపోయి, ఇక్కడ పూలమొక్కల నర్సరీలు పెరిగినప్పుడు అదే పేరు కొద్ది మార్పుతో 'పూల నగరము' అయింది. ఇంగ్లీషులో ఆ రెండు మాటలకు ఉచ్చారణ ఒక్కటే.

కాలువతోపాటు కూలీలు, పడవవాళ్లు, సారాకొట్లు కూడా వచ్చాయి. అంతకుముందు పనివారు యజమాని ఇంటనే ఉండి, అతని బల్ల దగ్గరే భోజనము చేసేవారు. ఇప్పుడు వారు వేరే పేటలలో కాపురముండసాగారు. యజమానికీ పనివానికీ మధ్య జీతము తప్ప మరొక బంధము లేకుండా పోయింది. ఉజ్జీవము వచ్చినది ఈ స్థితిలోనే.

2. ఫిన్నీ ఉజ్జీవము, మొదటి మేయరు రాజీనామా

1830 సెప్టెంబరులో చార్లెస్ జి. ఫిన్నీ రాచెస్టర్‌కు వచ్చారు. మూడవ ప్రెస్బిటేరియన్ సంఘమునకు అప్పుడు కాపరి లేరు. ఆ సంఘములోని పెద్ద, వర్తకుడైన జొసాయా బిస్సెల్ ఫిన్నీని పిలిచినవారిలో ఒకరు. అంతకు రెండేండ్ల ముందు ఆదివారము నడపని బండ్ల సర్వీసును పెట్టి నష్టపోయిన మనిషి ఆయన. ఫిన్నీ 1831 మార్చి వరకు ఆరు నెలలు అక్కడ ప్రసంగించారు. ఆయన పూర్వము న్యాయవాది. ప్రసంగ పీఠము నుండి వకీలు వాదించినట్టే వాదించేవారు. ఆత్మచింత కలిగినవారు ముందుకు వచ్చి కూర్చునే బల్లను ఆయన ఈ కూటములలో విరివిగా వాడారు. న్యాయవాదులు, వర్తకులు, మిల్లు యజమానులు ఆ బల్ల దగ్గరకు వచ్చారు. అంతవరకు ఒకరితో ఒకరు పోట్లాడుకొంటున్న సంఘములు కలిసి ప్రార్థించాయి.

ఉజ్జీవము వీధులలోకి వచ్చినది మద్యపాన వ్యతిరేక ఉద్యమముగా. 1830 డిసెంబరు 31 రాత్రి ఫిన్నీ సహకారి థియొడోర్ వెల్డ్ మద్యపానము మీద చేసిన సుదీర్ఘ ప్రసంగము తరువాత, కొందరు వర్తకులు తమ సారా పీపాలను బయటకు దొర్లించి బద్దలుకొట్టించారు.

దీని ప్రభావము నగర పాలనలోనూ కనిపించింది. 1834లో నగరమునకు మొదటి మేయరుగా ఎన్నికైనవారు స్థాపకుని అల్లుడు జొనాథన్ చైల్డ్. మరుసటి ఏడు కొత్త కౌన్సిలు సారా అమ్మకమునకు లైసెన్సులు మంజూరు చేసింది. వాటిపై సంతకము చేయడము తన మనస్సాక్షికి విరుద్ధమని ఆయన 1835లో పదవికి రాజీనామా చేశారు. మనస్సాక్షి కొరకు కుర్చీ వదిలిన మొదటి మేయరును ఏ ఊరైనా గౌరవించవలసిందే.

అయినను చరిత్రకారులు మరొక సంగతి కూడా మన ముందుంచారు. పాల్ ఇ. జాన్సన్ 1978లో ప్రచురించిన గ్రంథములో రాచెస్టర్ సంఘ దాఖలాలను, పన్ను జాబితాలను పోల్చి చూశారు. ఉజ్జీవమునకు ముందుగా లొంగినవారు పనివారిని పెట్టుకొన్న యజమానులని ఆయన తేల్చారు. త్రాగని, వేళకు వచ్చే, ఆదివారము గుడిలో కూర్చునే పనివాడు యజమానికి లాభము. గుడికి రానివానికి పని నిలవడము కష్టమయింది. అనగా ఉజ్జీవము యజమానుల చేతిలో ఒక క్రమశిక్షణ సాధనమయిందని ఆయన వాదన.

ఈ వాదనను పూర్తిగా అంగీకరించనక్కరలేదు. మనిషి మారుమనస్సును లాభనష్టముల లెక్కకు కుదించడము న్యాయము కాదు. సారా పీపా పగులగొట్టిన వర్తకునికి ఆ రోజు నష్టమే గదా. పైగా వెల్డ్ వంటివారు ఇదే ఉజ్జీవము నుండి బానిసత్వ వ్యతిరేక పోరాటములోకి నడిచారు. కాని ఒక ప్రశ్న మాత్రము నిలిచే ఉంటుంది. యజమానులు పనివారి త్రాగుడును గూర్చి మాట్లాడినంతగా, తాము ఇచ్చే కూలిని గూర్చి మాట్లాడారా? పాపమును ఎదుటి పేటలో చూడడము సులభము. ఉజ్జీవ కూటములు ఏర్పాటుచేసే మనము ఈ ప్రశ్నను దాటిపోరాదు.

3. డగ్లస్, ఆంథొనీ: గుడి గోడల వెలుపలి స్వరములు

1838లో బానిసత్వము నుండి తప్పించుకొన్న ఫ్రెడెరిక్ డగ్లస్ 1847లో రాచెస్టర్‌ను తన నివాసముగా ఎంచుకొన్నారు. ఆ సంవత్సరము డిసెంబరు 3న 'నార్త్ స్టార్' పత్రిక మొదటి సంచిక వెలువడింది. కెనడాకు పారిపోయే బానిసలకు ఆయన ఇల్లు మజిలీ అయింది. క్వేకర్లుగా పెరిగిన ఐజక్, ఏమీ పోస్ట్ దంపతులు ఆయనకు ఊరిలో అండగా నిలిచారు.

అయితే ఈ ఉజ్జీవ నగరమే ఆయన కుమార్తెను అవమానించింది. 1848లో తొమ్మిదేండ్ల రొజెట్టాను ఒక ప్రైవేటు బాలికల పాఠశాలలో చేర్చితే, ఆమెను మిగిలిన పిల్లలతో కూర్చోనివ్వక వేరే గదిలో ఉంచారు. తోటి పిల్లలను అడిగితే ఆమె తమ ప్రక్కనే కూర్చోవచ్చునన్నారు. ఒక తండ్రి మాత్రము అభ్యంతరము చెప్పాడు, ఆమె బయటకు రావలసివచ్చింది. డగ్లస్ ఆ తండ్రికి బహిరంగ లేఖ వ్రాసి తన పత్రికలో ప్రచురించారు. అంతటితో ఆగక నగర ప్రభుత్వ పాఠశాలలలోని వేర్పాటు మీద ఏండ్ల తరబడి పోరాడారు. 1857లో ఆ వేర్పాటు తొలగింది. వేరే గదిలో కూర్చోబెట్టడము, వేరే గ్లాసులో నీళ్లివ్వడము అనేవి ఎటువంటివో మన చదువరులకు వివరించనక్కరలేదు.

1852 జూలై 5న కొరింథియన్ హాలులో రాచెస్టర్ స్త్రీల బానిసత్వ వ్యతిరేక సమాజము ఏర్పాటు చేసిన సభలో ఆయన చేసిన ప్రసంగము అమెరికా చరిత్రలో ప్రసిద్ధమయినది. స్వాతంత్ర్య దినోత్సవము బానిసకు ఏమిటని ఆ ప్రసంగములో ప్రశ్నించారు. అందులో దేశపు సంఘముల మీద ఆయన చేసిన విమర్శ మిక్కిలి కఠినమైనది. బానిసత్వమును సమర్థించే కాపరులను, దానిని గూర్చి పెదవి కదపని కాపరులను ఆయన ఒకే గాటన కట్టారు. ప్రవక్తల గ్రంథములను ఆధారము చేసుకొనే ఆయన ఆ మాటలు చెప్పారు. ఆయన తన సేవను మెథడిస్టు ఆఫ్రికన్ జయోను సంఘములో బోధకునిగా ఆరంభించినవారని మరువరాదు.

1872లో ఆయన ఇల్లు అగ్నికి ఆహుతి అయింది, కుటుంబము వాషింగ్టన్‌కు తరలిపోయింది. 1895లో మరణించినప్పుడు దేహమును రాచెస్టర్‌కే తెచ్చి మౌంట్ హోప్ శ్మశానములో సమాధిచేశారు. 1899లో ఊరు ఆయనకు విగ్రహము నెలకొల్పింది.

అదే 1872లో, నవంబరు 5న, సూసన్ బి. ఆంథొనీ మరికొందరు స్త్రీలతో కలిసి రాచెస్టర్‌లో ఓటు వేశారు. స్త్రీలకు ఓటు లేని కాలము. కొద్ది రోజులకు ఆమెను అరెస్టు చేశారు. 1873 జూన్‌లో జరిగిన విచారణలో న్యాయాధిపతి జ్యూరీకి అవకాశమివ్వకుండా తానే తీర్పు చెప్పి 100 డాలర్ల జరిమానా విధించాడు. ఆమె ఆ జరిమానా ఎన్నడూ కట్టలేదు. 1900లో రాచెస్టర్ విశ్వవిద్యాలయములో స్త్రీలకు ప్రవేశము ఇచ్చేందుకు ధర్మకర్తలు అడిగిన సొమ్ములో చివరి భాగము తక్కువపడితే, ఆమె తన జీవిత బీమాను హామీగా ఇచ్చి తలుపు తెరిపించారు. క్వేకర్ల ఇంట పెరిగిన స్త్రీ ఆమె. ఊరిలోని పెద్ద సంఘముల పీఠములు స్త్రీకి మూసివున్న కాలములో, స్త్రీలను మాట్లాడనిచ్చిన చిన్న సమాజము నుండి ఈ స్వరము వచ్చింది.

4. వేదాంత కళాశాల, వాల్టర్ రౌషెన్‌బుష్

1850లో బాప్టిస్టులు రాచెస్టర్‌లో విశ్వవిద్యాలయమును, వేదాంత కళాశాలను స్థాపించారు. జర్మన్ వలసదారులలో పరిచర్య చేయువారి కొరకు ఆ కళాశాలలో జర్మన్ విభాగము ఏర్పడింది. దానికి చాలాకాలము ఆధిపత్యము వహించినవారు ఆగస్ట్ రౌషెన్‌బుష్. ఆయన కుమారుడు వాల్టర్ 1861లో రాచెస్టర్‌లో జన్మించారు.

వాల్టర్ 1886 నుండి 1897 వరకు న్యూయార్క్ నగరములో కూలీలు నివసించే పేటలో రెండవ జర్మన్ బాప్టిస్టు సంఘమునకు కాపరిగా ఉన్నారు. ఆత్మలను రక్షించాలని వెళ్లిన యువకునికి అక్కడ ఎదురైనవి పని లేక తిరిగే తండ్రులు, గాలి వెలుతురు లేని గదులు, చిన్నారుల శవపేటికలు. పసిపిల్లల సమాధి కార్యక్రమములు తన హృదయమును కలచివేశాయని ఆయనే చెప్పుకొన్నారు. ఆ కాలములోనే ఆయనకు వినికిడి దాదాపు పోయింది. 1897లో రాచెస్టర్‌కు తిరిగివచ్చి అధ్యాపకులయ్యారు, 1902 నుండి సంఘ చరిత్ర బోధించారు. 1907లో 'క్రైస్తవ్యము, సాంఘిక సంక్షోభము' అనే అర్థము గల పేరుతో ఆయన గ్రంథము వెలువడింది. 1917లో 'సాంఘిక సువార్తకు వేదాంతము' వచ్చింది. దేవుని రాజ్యమనేది మరణానంతరము మాత్రమే గాక ఇహలోక సంబంధములనూ సరిచేయునది అనీ, పాపము వ్యక్తిలోనే గాక వ్యవస్థలలోనూ కాపురముంటుందనీ ఆయన బోధ. 1918 జూలై 25న మరణించారు.

ఆయన గ్రంథములు చదివేవారు ఆయన సొంత ఊరిలో ఏమి చేశారో సాధారణముగా అడగరు. ఆనాడు రాచెస్టర్ రాజకీయము జార్జ్ ఆల్డ్రిడ్జ్ అనే రిపబ్లికన్ నాయకుని చేతిలో ఉండేది. 1894లో మేయరుగా ఉండి, తరువాత మేయరు పదవి లేకుండానే 1922లో చనిపోయేవరకు నగరమును శాసించినవాడు. వినికిడి లేని ఆచార్యుడు అటువంటి ఊరిలో ప్రభుత్వ పాఠశాలల బాగు, గ్యాసు ధరలు వంటి చిన్న విషయములలో తలదూర్చారు. 1907లో సాయంకాలములందు పాఠశాల భవనములను తెరచి పెద్దలు కూడి ఊరి విషయములు చర్చించుకొనే కేంద్రములు ఆరంభమయ్యాయి. వాటిని నడిపిన ఎడ్వర్డ్ వార్డ్ పూర్వము ప్రెస్బిటేరియన్ కాపరి. రౌషెన్‌బుష్ వాటిని సమర్థించారు. వలస కూలీలు అక్కడ నిలబడి పాలకులను ప్రశ్నించసాగారు. నగర నాయకత్వమునకు అది రుచించలేదు. నిధులు ఆగాయి, 1911 నాటికి కేంద్రములు మూతపడ్డాయి. ప్రజలకు పాఠము చెప్పడము వరకు సహించిన పాలకులు, ప్రజలు ప్రశ్న అడగడము సహించలేదు.

ఆయన లోపమును కూడా చెప్పాలి. కూలివానిని గూర్చి అంత వ్రాసిన కలము నల్లజాతివారిని గూర్చి చాలాకాలము దాదాపు మౌనముగా ఉన్నది. ఆ సమస్య తనకు పరిష్కారము కానరాని దుఃఖముగా తోచి తాకలేకపోయానని 1914లో ఆయనే ఒప్పుకొన్నారు. ఆయన మరణించిన అయిదేండ్లకు, 1923లో, హోవర్డ్ థర్మన్ అనే నల్లజాతి విద్యార్థి అదే కళాశాలలో చేరారు. ఆ రోజులలో అక్కడ ఏడాదికి ఇద్దరు నల్లజాతి విద్యార్థులకు మించి తీసుకొనేవారు కాదని థర్మన్ తన ఆత్మకథలో వ్రాసుకొన్నారు. 1926లో అక్కడ పట్టభద్రుడైన ఆయన, 1936లో భారతదేశములో గాంధీగారిని కలిసి, 1949లో యేసును అణగారినవారి కన్నులతో చూపించే గ్రంథము వ్రాశారు. సాంఘిక సువార్త పుట్టిన ఇంటిలోనే సీట్ల లెక్క అలా ఉండేది.

5. ఒంగోలు సంబంధము

వాల్టర్ అక్క ఎమ్మా 1880లలో తెలుగు మిషనుకు వచ్చారు. 1894లో క్లౌగారిని వివాహమాడారు. మాదిగల కథలను, విశ్వాసములను వారి నోటనే విని 1899లో ఆమె ప్రచురించిన పుస్తకము పేరుకు 'చెప్పులు కుట్టుచుండగా' అని అర్థము. క్లౌగారి జీవిత వృత్తాంతమును ఆయన మాటలలో ఆమె లేఖనము చేయగా 1914లో వెలువడింది. దానికి ఆమె పెట్టిన పేరు 'ప్రాచ్యదేశములో సాంఘిక క్రైస్తవ్యము' అని. ఆ శీర్షికలో తమ్ముని ఆలోచన నీడ కనిపిస్తుందని నా అభిప్రాయము.

ఆ శీర్షిక అతిశయోక్తి కాదు. 1876–78 మహా కరువులో క్లౌగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో ఒక భాగమును కాంట్రాక్టు తీసుకొన్నారు. ఇతర చోట్ల మేస్త్రీల తిట్లకు, దోపిడికి గురియైన మాదిగలకు తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి కూలి ఇప్పించారు. కరువు సాగినంత కాలము, బువ్వ కొరకు వచ్చారన్న మాట రాకుండా, బాప్తిస్మములు ఆపివేశారు. తరువాత 1878 జూలై 3న వెలుంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఎరీ కాలువ వలన రాచెస్టర్ యజమానులు ధనికులయ్యారు. బకింగ్‌హామ్ కాలువ దగ్గర ఒక కాపరి స్వయముగా కూలి లెక్క చూశారు. ఫిన్నీ శిష్యులను గూర్చి పైన వేసిన ప్రశ్నకు ఇక్కడ ఒక జవాబు దొరికింది. అంటే సాంఘిక సువార్త పడమటి నుండి మనకు దిగుమతి అయిన సరుకు కాదు. రాచెస్టర్‌లో గ్రంథములు వెలువడక ముందే గుండ్లకమ్మ ఒడ్డున దాని ఆచరణ ఉన్నది.

6. ఈస్ట్‌మన్ ఔదార్యము

ఇరవయ్యవ శతాబ్దపు రాచెస్టర్ అంటే జార్జ్ ఈస్ట్‌మన్. బ్యాంకు గుమస్తాగా ఉండి ఫొటో ప్లేట్లు తయారుచేయ నారంభించి, 1888లో కొడాక్ కెమెరాను తెచ్చారు. 1912లో పనివారికి లాభములో వాటా చొప్పున బోనసు ప్రవేశపెట్టారు. విశ్వవిద్యాలయమునకు కోట్ల డాలర్లు ఇచ్చారు. 1917లో పిల్లల దంత వైద్యశాల, 1921లో సంగీత కళాశాల ఆయన సొమ్ముతో వెలిశాయి. నగర పాలనలో పక్షపాతము పోవాలని 1915లో పురపాలక పరిశోధనా సంస్థను పెట్టించారు. దాని కృషి ఫలితముగా 1928 నుండి నగరము సిటీ మేనేజరు పద్ధతికి మారింది. 1932లో ఆయన తన ప్రాణము తానే తీసుకొన్నారు.

ఇంత దానము చేసిన ఊరు అరుదు. కాని దాత ఎవరికి ఏమి ఇవ్వాలో తానే నిర్ణయించుకొంటాడు. ఈస్ట్‌మన్ దక్షిణాదిలోని నల్లజాతి విద్యాలయములకు పెద్ద మొత్తములు ఇచ్చారు. సొంత ఊరిలోని కర్మాగారములో మాత్రము 1960ల వరకు నల్లజాతివారికి దొరికిన పనులు చాలా కొద్ది. దూరమునకు ధర్మము, దగ్గరకు మూసిన గేటు. ఆ గేటు దగ్గరే తరువాతి పోరాటము జరిగింది.

7. 1964 అల్లర్లు, సంఘముల నిర్ణయము

1950లో రాచెస్టర్‌లో నల్లజాతివారు ఎనిమిది వేలకు లోపు. 1960 నాటికి 23 వేలు దాటారు. దక్షిణాది పొలముల నుండి పని కొరకు వచ్చినవారే ఎక్కువ. వారికి దొరికిన ఇండ్లు రెండు పేటలలోనే. 1964 జూలై 24 శుక్రవారము రాత్రి జోసెఫ్ అవెన్యూ దగ్గర ఒక వీధి నృత్య కార్యక్రమములో జరిగిన అరెస్టుతో అల్లర్లు చెలరేగాయి. మూడు రోజులలో దాదాపు వెయ్యి మందిని నిర్బంధించారు. గవర్నరు నేషనల్ గార్డు దళములను పంపవలసివచ్చింది. మంచి ఊరని పేరుపడిన తమ నగరములో ఇది జరగడము పెద్దలకు నమ్మశక్యము కాలేదు.

అప్పుడు రాచెస్టర్ ప్రాంత సంఘముల కౌన్సిలు తీసుకొన్న నిర్ణయము ఆశ్చర్యకరమైనది. మరొక దానధర్మ పథకము పెట్టలేదు. పీడిత పేటలను సంఘటితపరచడములో పేరుపొందిన చికాగో వాసి సాల్ అలిన్‌స్కీని పిలిచి, రెండేండ్లకు లక్ష డాలర్లు సంఘముల నుండి సమకూర్చింది. ఆయన యూదుడు, మాట కరకు. పేటలోని నల్లజాతివారు స్వయముగా పిలిస్తేనే వస్తానని షరతు పెట్టారు. వారు పిలిచారు. 1965లో 'ఫైట్' అనే సంస్థ ఏర్పడింది. స్వాతంత్ర్యము, సమైక్యత, దేవుడు, గౌరవము, నేడు అనే అర్థమిచ్చే అయిదు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరములే దాని పేరు. చర్చ్ ఆఫ్ క్రైస్ట్ కాపరి ఫ్రాంక్లిన్ ఫ్లారెన్స్ దానికి మొదటి అధ్యక్షులు.

1966లో ఫైట్ సంస్థ కొడాక్‌ను ఒక్కటే అడిగింది. చదువు, శిక్షణ లేని నల్లజాతివారిని కొన్ని వందలమందిని తీసుకొని పని నేర్పాలి, వారిని ఎంపిక చేయడములో తమకు భాగముండాలి. డిసెంబరు 20న కంపెనీ అధికారి ఒకరు 600 ఉద్యోగముల ఒప్పందముపై సంతకము చేశారు. రెండు రోజులలో కంపెనీ పైవారు ఆ సంతకము చెల్లదన్నారు. మాట తప్పడము ఊరిని రెండుగా చీల్చింది. సంఘములు కూడా చీలాయి. తమ కానుకల సొమ్ము ఇటువంటి సంస్థకు ఎందుకు పోవాలని అడిగిన విశ్వాసులలో అనేకులు కొడాక్‌లో జీతము తీసుకొనేవారే. కాపరి బుధవారము చెప్పే ప్రార్థనకూ ఆదివారము వచ్చే కానుకకూ మధ్య నలిగిపోయాడు.

1967 ఏప్రిల్ 25న న్యూజెర్సీలోని ఫ్లెమింగ్టన్‌లో కొడాక్ వార్షిక సమావేశము జరిగింది. షేర్లు కలిగిన కొన్ని సంఘ శాఖలు యాజమాన్యమునకు తమ ఓట్లను ఇవ్వడానికి నిరాకరించాయి. సంఘపు పెట్టుబడిని న్యాయము కొరకు ఈ విధముగా వాడిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి. ఆ జూన్‌లో కొడాక్ ఫైట్ సంస్థను పేటల ప్రతినిధిగా గుర్తిస్తూ టెలిగ్రాము పంపి రాజీకి వచ్చింది. అదే ఊరిలోని జెరాక్స్ కంపెనీ సంఘర్షణ లేకుండానే ముందుకు వచ్చింది. 1968లో దాని సహాయముతో నల్లజాతివారే యజమానులుగా ఒక తయారీ సంస్థ మొదలయింది.

1970లో క్రోజర్ వేదాంత కళాశాల రాచెస్టర్ కళాశాలలో విలీనమయింది. మార్టిన్ లూథర్ కింగ్ బి.డి. చదివినది ఆ క్రోజర్‌లోనే. విద్యార్థిగా చదివిన రౌషెన్‌బుష్ గ్రంథము తన ఆలోచనపై చెరగని ముద్ర వేసిందని ఆయన వ్రాశారు. రౌషెన్‌బుష్ వ్రాయక వదిలిన అధ్యాయమును కింగ్ పూర్తిచేసినట్లయింది.

8. ఆ తరువాత

1993 ఎన్నికలో విలియమ్ ఎ. జాన్సన్ నగరమునకు మొదటి నల్లజాతి మేయరుగా ఎన్నికయ్యారు. 2014లో లవ్‌లీ వారెన్ పదవి చేపట్టి మేయరైన మొదటి స్త్రీ అయ్యారు. కాని అధికారపు కుర్చీ అందేసరికి ఊరి సంపద తరిగిపోయింది. 1980ల ఆరంభములో రాచెస్టర్ ప్రాంతములో అరవై వేలమందికి పని ఇచ్చిన కొడాక్, డిజిటల్ కెమెరాల కాలములో కుంగి 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. 1950లో 3,32,488 ఉన్న నగర జనాభా మూడింట ఒక వంతుకు పైగా తగ్గింది. శ్వేతజాతి కుటుంబములలో అనేకులు శివారు పట్టణములకు తరలిపోయారు, వారితో సంఘములూ తరలాయి. వేదాంత కళాశాల సైతము 2019లో కొండమీది తన పెద్ద ఆవరణను వదిలి చిన్న స్థలమునకు మారింది.

ముగింపు

ఈ చరిత్రలో మూడు రకముల సేవ కనిపిస్తుంది. మొదటిది బోధ. ఫిన్నీ కాలములో అది మనుష్యులను మార్చింది, కాని యజమాని కూలి పట్టీని ముట్టలేదు. రెండవది దానము. ఈస్ట్‌మన్ కాలములో అది భవనములు కట్టింది, కాని ఎవరు లోపలికి రావాలో దాతయే నిర్ణయించారు. మూడవది పొరుగువానికి నోరు, చోటు ఇచ్చుట. పాఠశాలల సాయంకాలపు కేంద్రములలో, 1965 తరువాతి పోరాటములో కనిపించినది ఇదే. మొదటి రెండింటికి సంఘమునకు మెప్పు వచ్చింది. మూడవదానికి నింద వచ్చింది. అయినను పేటలోని మనిషికి గేటు తెరచుకొన్నది మూడవదాని వలననే.

మొదటి రెండూ అనవసరమని నేను చెప్పడము లేదు. మారుమనస్సు లేని పోరాటము ద్వేషములో ముగియవచ్చు, దానము లేని బోధ గాలి మాట అవుతుంది. చెర పట్టబడినవారికి యిర్మీయా 29వ అధ్యాయములో వ్రాసిన లేఖలో ప్రవక్త పట్టణ క్షేమమును వెదకమన్నాడు. పట్టణ పెద్దల క్షేమమును అనలేదు.

నా పరిచర్యలో జరిగిన ఒక సంగతి చెప్పి ముగిస్తాను. కొన్నేండ్ల క్రిందట మా సంఘములోని కొన్ని కుటుంబములు ఉండే పేటకు కుళాయి నీరు రావడము లేదని, మునిసిపల్ ఆఫీసుకు తమతో రమ్మని స్త్రీలు నన్ను అడిగారు. నేను వారికి ప్రార్థన చేసి పంపాను. రాజకీయము కాపరికి తగదనుకొన్నాను. వారే వెళ్లారు, నాలుగుసార్లు తిరిగి నీరు తెచ్చుకొన్నారు. ఆ తరువాతి ఆదివారము సాక్ష్యము చెప్పిన ఒక అవ్వ దేవునికి స్తోత్రము చెల్లించి, "అయ్యగారు కూడా ప్రార్థన చేశారు" అన్నది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. అందుకే నేను దానిని మరువలేకపోతున్నాను.